టీవీ ముందు మైకు

ఆ మనిషిని చూసిన మొదటి నిమిషంలోనే నాకు ఒళ్ళు మండింది. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే నేనేదో తటస్థంగా చెబుతున్నానని ఎవరైనా అనుకునే ప్రమాదం ఉంది.

ఐర్లండ్‌లో ట్రాలీ అనే ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంటి వంటగది గుమ్మంలో నిలబడి, జేబులోంచి తెల్లటి నూలు చేతితొడుగులు తీసి తొడుక్కుంటున్నాడు. డెబ్భై దాటిన ఇంగ్లీషాయన. రిటైరయ్యాక షానన్ విమానాశ్రయానికి దగ్గర్లో ఇల్లు కొనుక్కుని ఒక్కడే ఉంటున్నాడట. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, టీలో పాలు కొంచెమే పొయ్యమన్నాడు. టీ ఇస్తానని నేను అనలేదు. ఆ ఇంట్లో నేను కేరర్‌ని. పొద్దున్నే వెళ్ళి పెద్దావిడని లేపి, స్నానం చేయించి, మాత్రలు మింగించి, టిఫిను పెట్టి వచ్చేయడం నా పని. ఇంటికొచ్చినవాళ్ళకి టీలు కాచడం అందులో లేదు. అయినా కాచాను. పాలు మాత్రం కప్పు అంచుదాకా పోశాను.

పెద్దావిడకీ నాకూ కూడా పడేది కాదు. ఆవిడకి ఎనభై దాటాయి. కాళ్ళు సరిగ్గా ఆడవు, ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది పోవడానికి సిద్ధంగా ఉంది. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నా చేతులు మంచుగడ్డలనేది. నా కోటు వెల్లుల్లి కంపు అనేది. ఇక్కడ వంటగది అల్మరాని ప్రెస్ అంటారు. ఆ ప్రెస్‌లో బిస్కెట్లు పెట్టుకుని, నేను బయల్దేరేటప్పుడు దాని తలుపు వైపు ఒక చూపు విసిరేది. మెత్తబడిపోయిన బిస్కెట్లు, ఎవరిక్కావాలి! మొదట్లో కేర్ కంపెనీకి ఫోన్ చేసి నన్ను మార్చమంది. మార్చారు. నా బదులు వచ్చిన అమ్మాయిని కూడా మార్చమంది. చివరికి తిరిగి తిరిగి నేనే వచ్చాను. "మళ్ళీ నువ్వేనా" అంది తలుపు తీస్తూనే. "మళ్ళీ మీరేనా" అన్నాను. ఆ రోజు నుంచి కొంచెం సర్దుకున్నాం.

ఇంగ్లీషాయన వచ్చింది ఒక రేకు డబ్బా కోసం. అరవైల్లో లండన్ టీవీల్లో కుర్రకారు కోసం పాటల కార్యక్రమాలు వచ్చేవి. బ్యాండ్లు వచ్చి పాడేవి, చుట్టూ పిల్లలు గెంతేవాళ్ళు. ప్రసారం అయిపోయాక టీవీవాళ్ళు అదే టేపు మీద ఇంకోటి రికార్డు చేసుకునేవాళ్ళు. టేపు ఖరీదైంది, పాటలకి కొదవలేదు. అలా చాలావరకు చెరిగిపోయాయి. ఇప్పుడు వాటిని వెతికే ఒక గుంపు ఉంది. వేరే దేశాలకి పంపిన ఫిల్ము డబ్బాలు, చర్చి హాళ్ళ అటకలు, చనిపోయినవాళ్ళ గ్యారేజీలు గాలిస్తూ తిరుగుతారు. బొమ్మ దొరక్కపోతే శబ్దమైనా చాలు వాళ్ళకి. ఆ రోజుల్లో టేప్ రికార్డరు ఉన్న కుర్రాళ్ళు టీవీ ముందు మైకు పెట్టి ఇంట్లోనే పాటలు పట్టుకునేవాళ్ళట. ఈయన ఆ గుంపులో పెద్దమనిషి. మా ఊరి పేపర్లో, మీ ఇంట్లో పాత రీళ్ళున్నాయా అని ప్రకటన వేయించాడు. పెద్దావిడ చూసి ఫోన్ చేసింది.

ఆవిడది పుట్టిల్లు ట్రాలీ కాదు, విక్లో తీరం. అక్కడ సముద్రానికి అవతలి ఒడ్డు బ్రిటన్. ఆవిడ అన్న కరెంటు సామాన్ల కొట్లో పనిచేసేవాడు. పొగగొట్టం మీద తాటిచెట్టంత ఏంటెన్నా నిలబెట్టి, అవతలి దేశం టీవీని ఇంట్లోకి దింపాడు. వారం వారం ఆ పాటల కార్యక్రమం వచ్చే వేళకి టీవీ ముందు స్టూలు వేసి, స్టూలు మీద మైకు పెట్టి, ఇంటిల్లిపాదినీ నోరెత్తొద్దనేవాడు. తండ్రి పేపరు తిప్పడానికి కూడా లేదు. అందరూ ఊపిరి బిగబట్టుకునేవాళ్ళు, ఒక్క చెల్లెలు తప్ప. ఆ ఇంట్లో ఆఖరి పిల్ల. గుండె జబ్బు. బడికి పంపేవాళ్ళు కాదు. టీవీ ఉన్న ముందు గదిలోనే దానికి మంచం వేశారు, కాబట్టి దాన్ని బయటికి పంపడానికి లేదు. నోరు ముయ్యమంటే మూసేదీ కాదు. వచ్చీరాని మాటలతో టీవీతోపాటు పాడేది, దగ్గేది, నవ్వేది. అన్న పళ్ళు కొరుక్కునేవాడు. ఆ ఏడాది తిరక్కుండానే ఆ పిల్ల పోయింది.

"మా చెల్లి ఫొటోలో పళ్ళు కనబడతాయి. గొంతు కనబడదు కదా" అంది పెద్దావిడ ఒకసారి నాతో, నేను జడ వేస్తుంటే. ఆవిడ నాతో చెప్పిన మొదటి సొంత మాట అదే. అన్న పోయాక డబ్బా ఆవిడకి వచ్చింది. అందులో రెండు రీళ్ళున్నాయి. వాటిని తిప్పే మిషను లేదు. చెవుల డాక్టరేమో, మిగిలిన చెవి కూడా ఎక్కువకాలం పనిచెయ్యదని చెప్పేశాడు. ఆవిడకి ఉన్న కోరికల్లా ఒకటే. ఆ చెవి పోయేలోపు చెల్లెలి గొంతు ఒకసారి వినాలి.

ఇదంతా ఇంగ్లీషాయనతో నా ముందే చెప్పింది. "నాకు ఆ జులపాల వెధవల పాటలు అక్కర్లేదు. అవి నువ్వే ఉంచుకో. మా చెల్లి ఉంది అందులో, అది నాకు కావాలి" అంది. ఆయన రీలు మీద ఉన్న కాగితం ముక్కని చదువుతున్నాడు. ఏ బ్యాండు, ఏ వారం అని అన్న రాసిపెట్టుకున్నాడు. చదువుతూ చదువుతూ ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా అయింది. "తప్పకుండా, తప్పకుండా" అన్నాడు. ఏం విన్నాడో, దేనికి తప్పకుండా అన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

పెద్దావిడ తెలివైంది. ఒక్క రీలే ఇచ్చింది. "ఇది తిరిగొచ్చాక రెండోది" అంది. ఆయన చేతితొడుగుల్లో ఆ రీలుని చంటిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళిపోయాడు. టీ ముట్టుకోలేదు.

చలికాలమంతా గడిచింది. పెద్దావిడ రోజూ, ఫోన్ వచ్చిందా అని నన్నడిగేది, ఆవిడ ఫోనేదో నా జేబులో ఉన్నట్టు. చివరికి ఒక పొద్దున ఆయనే దిగాడు. చంకలో ఒక ప్లేయరు, చేతిలో డిస్కు. ఈసారి నాకు నమస్కారం కూడా పెట్టాడు, అంత సంతోషంగా ఉన్నాడు. నేను పెద్దావిడ చెవి మిషను బ్యాటరీ మార్చి, కుర్చీని టేబుల్ దగ్గరికి లాగాను.

పాట మొదలైంది. నేనేమీ సంగీతం తెలిసిన దాన్ని కాదు. మా ఇంట్లో పాటంటే ప్రార్థన కూటంలో పాడే పాటలే. అయినా ఆ శబ్దం ఎంత శుభ్రంగా ఉందో నాకు కూడా తెలిసింది. డప్పు డప్పులా, గిటారు గిటారులా, ఆ బ్యాండేదో ప్రెస్ పక్కన నిలబడి పాడుతున్నట్టే ఉంది. ఒక పాట అయింది. ఇంకోటి. పెద్దావిడ అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని టేబుల్ మీదికి వంగిపోయింది. ప్రతి పాట చివరా కళ్ళెత్తి నా వైపు చూస్తోంది, నీకేమైనా వినబడిందా అన్నట్టు. నేను అడ్డంగా తలూపాను. డిస్కు ఆగిపోయింది.

"ఏది?" అంది.

"ఏమిటి?" అన్నాడు.

"మా చెల్లి."

ఆయన నవ్వాడు. నిజంగా నవ్వాడు, గొప్ప పని చేసి మెప్పు కోసం చూసేవాడి నవ్వు. "అబ్బో, మీ చెల్లి! ప్రతి పాట మీదా ఆవిడే. దగ్గు, అరుపులు. శుభ్రం చెయ్యడానికి నాకు చలికాలమంతా పట్టింది. ఇప్పుడు వినండి, ఆ గదిలో ఒక పిల్ల ఉందని ఎవరైనా చెప్పగలరా?"

పెద్దావిడ చెవి వెనకనుంచి చెయ్యి తీసేసింది. నన్ను రోజూ నాలుగు తిట్లు తిట్టందే కాఫీ తాగని మనిషి, నోరు తెరిచి మూసింది. నాకు భయం వేసింది. అసలు రీలు ఎక్కడుందని నేను అడిగాను. టేపు పొడి పొడిగా రాలిపోతోందట, ఒక్కసారే తిరిగిందట, ఇప్పుడు లండన్‌లో ఎక్కడో భద్రంగా దాచారట, ఇంక అది తిరగదట. మరి తీసేసిన శబ్దం ఎక్కడుంది అన్నాను. "అది చెత్తమ్మా. పారేశాను" అన్నాడు. అని, రెండో రీలు ఎక్కడుంది అని అడిగాడు.

"బయటికి నడు" అంది పెద్దావిడ. ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ప్లేయరు తీగ పీకి, చుట్టి, ఆయన చేతిలో పెట్టి, వీధి తలుపు తీసి పట్టుకున్నాను.

ఆ కోపం అక్కడితో పోవాలి కదా. పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

నా చిన్నప్పుడు మా అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్ళింది. మా గోదావరి వైపు ఆడవాళ్ళు చాలామంది అలా వెళ్ళారు. అమ్మకి రాయడం రాదు. అందుకని క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపేది. ఆ సేట్ ఇంట్లో అందరూ పడుకున్నాక బాత్రూములో కూర్చుని మాట్లాడేదట, గొంతు తగ్గించి. కుళాయి చుక్కలు పడుతుండేవి. మేమందరం మంచం చుట్టూ కూర్చుని వినేవాళ్ళం. విన్నాక, అదే క్యాసెట్టుని మొదటికి తిప్పి, ఎర్ర మీట నొక్కి, దాని మీదే మేం మాట్లాడి, మళ్ళీ కువైట్ వెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చేవాళ్ళం. మా వీధిలో అందరూ అంతే చేసేవాళ్ళు. మోసేవాళ్ళు ఒక్కో ఇంటికి ఒక్క క్యాసెట్టే తీసుకునేవాళ్ళు. పైగా ఒకసారి విన్న ఉత్తరాన్ని దాచుకుంటారని మాకెవరికీ తోచలేదు. అమ్మ మాట మీద మా మాట, మా మాట మీద అమ్మ మాట. ఏళ్ళ తరబడి అదే క్యాసెట్టు అటూ ఇటూ తిరిగింది.

అమ్మ అక్కడే పోయింది. శవపెట్టెతోపాటు ఆవిడ సామాన్లు వచ్చాయి. అందులో ఆ క్యాసెట్టు ఉంది. మా నాన్న పరిగెత్తుకెళ్ళి పక్కింటివాళ్ళ టేప్ రికార్డరు తెచ్చాడు. పెట్టాడు. అందులో మేమే ఉన్నాం. నాకు వాచీ కావాలి, తమ్ముడికి బూట్లు కావాలి, దుప్పటి మెత్తనిది తెమ్మని మామ్మ. చివరిదాకా విన్నాం. వెనక్కి తిప్పి రెండో వైపు విన్నాం. అక్కడా మేమే. అమ్మ మా అందరి కిందా ఉంది, ఒక్క ముక్క పైకి రాలేదు. ఆ రోజు ఎవరి మీద కోప్పడాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళకి కోప్పడటానికి ఒక మనిషి దొరికాడు, వదులుతానా?

ఆయనకి ఫోన్ చేశాను. తియ్యలేదు. మెసేజ్ పెట్టాను. చూసి ఊరుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక షానన్ వెళదామని మా ఆయనతో అన్నాను. ఆయన ఆస్పత్రిలో పోర్టరు, శాంతస్వభావి, గొడవంటే గోడ పక్కకి తప్పుకునే మనిషి.

"నీకెందుకే ఇయ్యన్నీ? ఆవిడేవన్నా మన మేనత్తా? నిన్ను దొంగలా సూసే మడిసి కోసం అంత దూరం ఎల్లి తగూ ఏసుకుంటావా?" అన్నాడు.

"ఆవిడ కోసం కాదండీ. ఆడు ఆ పిల్లని సెత్త అన్నాడు."

"కంపెనీవోళ్ళకి తెలిత్తే ఉజ్జోగం ఊడుద్ది."

"ఊడితే ఊడింది. కారు తీత్తారా, నన్ను బస్సెక్కమంటారా?"

తీశాడు. దారి పొడుగునా మాట్లాడలేదు. లిమెరిక్ దాటాక మాత్రం, పులిహోర తెచ్చావా అని అడిగాడు.

ఆ ఇంగ్లీషాయన తలుపు తీసి మమ్మల్ని చూసి కంగారుపడ్డాడు. లోపలికి రమ్మనక తప్పలేదు, బయట వాన. ఇల్లంతా అరలే. నడవలో రీళ్ళు, మెట్ల మీద రీళ్ళు, వంటగదిలో గిన్నెలుండాల్సిన చోట ఫిల్ము డబ్బాలు. చెరిగిపోయిన కార్యక్రమాల గురించి మా ఆయన ఏదో మర్యాదకి అడిగాడు. అంతే, ఇంగ్లీషాయన మొహం ఎర్రబడింది. టీవీ సంస్థల్లో ఉన్నవాళ్ళు అనాగరికులన్నాడు. టేపు మీద టేపు రుద్దిన మూర్ఖులన్నాడు. "ఆ గదుల్లో ఏం ఉందో వాళ్ళకి తెలియదు. మళ్ళీ దొరకనిదాన్ని చెత్తలా చూశారు" అన్నాడు. ఆ బాధ నిజమైనదే, ఆ మాట నేను ఒప్పుకుంటాను. ఒప్పుకున్నానని నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"మీరు చేసిందీ అదే కదా" అన్నాను.

"దానికీ దీనికీ పోలికేంటి? ఆ పాట లోకంలో ఇంకెక్కడా లేదు. పాడినాయన ఫోన్‌లో విని ఏడ్చాడు తెలుసా?"

"ఆ పిల్ల కూడా లోకంలో ఇంకెక్కడా లేదు."

"పిల్ల ఏడుపు చరిత్ర కాదు" అన్నాడు.

అప్పుడు నేను ఏమన్నానో మొత్తం రాయను. ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఇంగ్లీషు చాలక తెలుగులోకి దిగాను. మా అత్తగారు వాడే మాటలు కూడా వాడాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. ఆ మనిషి తలుపు బార్లా తెరిచి, మీ ఆవిడని తీసుకెళ్ళకపోతే గార్డ్స్‌ని పిలుస్తానన్నాడు. పోలీసులకి ఇక్కడ అదే పేరు. మా ఆయన మొహంలో నెత్తురు లేదు.

నడవలోంచి బయటికి వస్తుంటే ఒక అర మీద గాజు సీసాలు కనబడ్డాయి. జాము సీసాలు. వాటి నిండా టేపు తుంపులు, గోరంతవి, వేలంతవి. రీళ్ళు అతికించేటప్పుడు కత్తిరించిన కొసలు. ఒక్కో సీసాకీ చీటీ అంటించి ఉంది, ఏ రీలుదో. నేను అక్కడే ఆగిపోయాను. వెనక్కి తిరిగి ఆయన వైపు చూశాను. ఆయనా ఆ సీసాల వైపే చూసి, గబుక్కున చూపు తిప్పుకున్నాడు.

కారెక్కాక, "అబద్ధం ఆడేడండీ" అన్నాను. "కత్తిరించిన గోళ్ళు కూడా దాసుకునే రకం. ఆడు పారెయ్యడం ఏంటి? ఉంది. ఆడి దగ్గరే ఉంది."

"ఉంటే ఏం సేత్తావు, దోచుకొత్తావా?" అన్నాడు మా ఆయన. అంత దూరం నేను ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున పెద్దావిడకి తల దువ్వుతూ జరిగిందంతా చెప్పాను. చివాట్లు పడతాయనుకున్నాను. ఆవిడ విని, సీసాల సంగతి రెండోసారి చెప్పించుకుంది. తర్వాత లేచి, నడిచే కర్ర మీద ఆనుకుంటూ ప్రెస్ దగ్గరికి వెళ్ళి, బిస్కెట్ల వెనకనుంచి రేకు డబ్బా తీసింది. అంటే ఇన్నాళ్ళూ ఆవిడ కాపలా కాసింది బిస్కెట్లకి కాదు. రెండో రీలు చేతిలోకి తీసుకుంది. ఆవిడ వంటగదిలో ఒక పాత ఇనప పొయ్యి ఉంది, రేంజ్ అంటారు, బొగ్గు వేసి మండించేది. దాని పై మూత లేపి పక్కన పెట్టింది. మంట సెగ నా మొహానికి కొట్టింది.

"ఫోన్ చెయ్యి వాడికి. ఈసారి నా ఫోన్‌తో చెయ్యి, తీస్తాడు" అంది.

"ఏం చెప్పమంటారు?"

"నేను చెబుతాను. నువ్వు పట్టుకో చాలు."

తీశాడు. రెండో రీలు ఇస్తుందని ఆశపడినట్టున్నాడు, గొంతు తేనెలా ఉంది. పెద్దావిడ ఫోన్ దగ్గరికి వంగి చాలా నెమ్మదిగా మాట్లాడింది. "నువ్వు నా చెల్లిని పారేశావు. నేను నీ పాటలు పారేస్తున్నాను. కాగితం మీద ఏం రాసుందో చదవనా?" అన్న రాసిన బ్యాండు పేరు చదివింది. అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ మరో పేరు చదివి, ఇనప మూతని పొయ్యి అంచుకేసి ఒక్కటి కొట్టింది. నేనే ఉలిక్కిపడ్డాను.

"వద్దు! దేవుడి మీద ఒట్టు, వద్దు!" అని అరిచాడాయన. "ఉంది. ఉంది. దాన్ని విడిగా తీసి పెట్టాను. దానికేమీ విలువ లేదని అలా చెప్పాను, అంతే. తెస్తాను."

"గ్రాండ్" అంది పెద్దావిడ, ఇక్కడివాళ్ళు సరే అనడానికి అనే మాట. "పొయ్యి ఆరిపోయేలోపు రా. ఇది త్వరగా ఆరదు, నా కేరర్ బొగ్గు బాగా వేస్తుంది."

నా గురించి ఆవిడ అన్న మొదటి మంచి మాట అది. నేను కేర్ కంపెనీకి ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసి అక్కడే ఉండిపోయాను. అబద్ధమే, అవసరమైన అబద్ధం. రీలు ఆవిడ ఒళ్ళో ఉంది. బొగ్గు నేను వేస్తూనే ఉన్నాను. నిజంగా కాల్చేస్తారా అని అడిగాను. "కాల్చనా మరి? ఇందులో కూడా అది ఉంది, ఎక్కడో కింద. కానీ తిప్పించుకోవాలంటే మళ్ళీ ఇలాంటి వెధవ చేతికే ఇవ్వాలి. ఇంకోసారి దాన్ని వాడి చేత చెరిపించుకుంటానా?" అంది. పొయ్యి మూత నన్ను పెట్టనివ్వలేదు. ఆవిడ బెదిరించడం లేదని అప్పుడు తెలిసింది నాకు. ఆ మనిషి త్వరగా రావాలని నేను, జీవితంలో మొదటిసారి, ఆయన కోసం ప్రార్థన చేశాను.

మధ్యాహ్నం లోపే వచ్చాడు. జుట్టు దువ్వుకోలేదు, చేతితొడుగులు లేవు. ల్యాప్‌టాప్ తెరిచి, చిన్న స్పీకరు టేబుల్ మీద పెట్టాడు. పాటని ఒక పక్కకి, మిగిలిన చప్పుళ్ళన్నీ ఇంకో పక్కకి తీశాడట. ఇది ఆ రెండో పక్క. "అక్కడక్కడ డప్పు కొంచెం మిగిలిపోయింది, నేను గనక ఇంకో వారం కూర్చుని ఉంటే..." అని మొదలుపెట్టాడు.

"నోరు ముయ్" అంది పెద్దావిడ.

మొదట గాలి చప్పుడు. చెంచా దేనికో తగిలింది. ఎవరో కుర్చీలో సర్దుకున్నారు. తర్వాత దగ్గు, చిన్నది, పొడిది. పెద్దావిడ చెయ్యి నా చేతి మీద పడింది, మంచుగడ్డలా ఉన్న నా చేతి మీద. అంతలో పాడటం మొదలైంది. పాట లేదు కదా, ఆ పిల్ల గొంతొక్కటే ఉంది. ఒక ముక్క పాడుతుంది, ఆగుతుంది. మనకి వినబడనిదేదో దానికి వినబడుతోంది. అది అయ్యేదాకా ఆగి మళ్ళీ అందుకుంటుంది. మాటలు రావు, రాగమూ సరిగ్గా లేదు. ఊపిరి చాలక మధ్యలో ఎగపోస్తోంది. అయినా ఆపదు. ఒకచోట తనలో తనే నవ్వుకుంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఇంగ్లీషాయన మొదటిసారి తలొంచుకున్నాడు. ఏమనుకున్నాడో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మంచం కిర్రుమంది. చిన్న కాళ్ళు నేల మీద నడిచిన చప్పుడు. అది మంచం దిగి మైకు దగ్గరికి వచ్చేసినట్టుంది, గొంతు ఒక్కసారిగా మా టేబుల్ మీదికి వచ్చేసింది. రహస్యం అడుగుతున్నట్టు అడిగింది.

"ఇందులో నేను కూడా ఉంటానా?"

"ఉండవు" అన్నాడు అన్న, పళ్ళ మధ్యనుంచి. "పాట ఒక్కటే ఉంటుంది. పో, పడుకో."

"సరే" అంది ఆ పిల్ల.

పెద్దావిడ స్పీకరు వైపు వంగింది. ఎప్పుడో పోయిన అన్నని, నన్ను తిట్టేటంత గట్టిగా, "అబద్ధాలకోరు" అంది.